స్ట్రీట్ రాడ్ కార్లు: 1930ల రూపం, నేటి యంత్రం – తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉన్న మనవాళ్లు వేసవిలో ఏదో ఒక కార్ షోకి వెళ్లి ఫోటోలు పంపుతుంటారు. నిలువుగా నిలబడ్డ రేడియేటర్, విడిగా కనిపించే హెడ్‌లైట్లు, అద్దంలా మెరిసే రంగు. చూసినవాళ్లు ముందు ఆశ్చర్యపోతారు, ఆ తర్వాత వరసగా ప్రశ్నలు వేస్తారు. ఎక్కువగా వినపడే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. నాకు ఈ బండ్లంటే ప్రాణం. 90 ఏళ్ల కిందటి రూపం చెడకుండా దాని కింద ఇవాళ్టి బ్రేకులు, స్టీరింగు, ఇంజిన్ అమర్చడం ఎంత కష్టమో తెలిసిన కొద్దీ వీటి మీద గౌరవం పెరుగుతుంది.

ఇది పాత కారా, కొత్త కారా?

ఏదైనా కావచ్చు. బాడీ నిజంగానే 1930ల నాటిది కావచ్చు, పోయినేడాది ప్రెస్సులో వేసిన కొత్త రేకు కావచ్చు, ఫైబర్‌గ్లాస్ కూడా కావచ్చు. దాని కింద ఉండే చాసీ, ఇంజిన్, గేర్‌బాక్స్, బ్రేకులు, వైరింగు మాత్రం దాదాపు ఎప్పుడూ తర్వాతి కాలానివే. 1948 లేదా అంతకు ముందటి మోడల్ రూపంలో ఉండి, రోడ్డు మీద హాయిగా నడపడానికి వీలుగా కొత్త భాగాలతో కట్టిన కారుని స్ట్రీట్ రాడ్ అంటారు. ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే బాగుచేసి పెట్టిన పాత కారు స్ట్రీట్ రాడ్ కిందికి రాదు. దాన్ని రెస్టోరేషన్ అంటారు, ఆ లోకమే వేరు.

హాట్ రాడ్ అన్నా ఇదేనా?

హాట్ రాడ్ దీనికి ముందు తరం. 1930ల్లో దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు చవగ్గా దొరికే పాత ఫోర్డులు కొని, మడ్‌గార్డులు ఊడదీసి బరువు తగ్గించి, మురాక్, ఎల్ మిరాజ్ లాంటి ఎండిపోయిన సరస్సుల మీద ఎవరి బండి ఎంత వేగం పోతుందో తేల్చుకునేవాళ్లు. ఆ పోటీలను ఒక పద్ధతిలో పెట్టడానికి 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఈ సరదా దేశమంతా పాకింది. 1949 నుంచి యూటా రాష్ట్రంలోని బాన్‌విల్ ఉప్పు మైదానంలో స్పీడ్ వీక్ జరుగుతోంది.

1960ల్లో కంపెనీలే పెద్ద ఇంజిన్లు పెట్టి వేగంగా పోయే కార్లు అమ్మడం మొదలెట్టాయి. వేగం కోసం పాత ఫోర్డుతో కుస్తీ పట్టాల్సిన అవసరం పోయింది. అయినా ఆ రూపం మీద మోజు పోనివాళ్లు 1970లో నేషనల్ స్ట్రీట్ రాడ్ అసోసియేషన్ పెట్టుకుని, ఇల్లినాయ్ రాష్ట్రంలోని పియోరియాలో మొదటి జాతీయ సమ్మేళనం జరిపారు. అప్పటి నుంచి లక్ష్యం మారింది. పోటీలో గెలవడం పక్కకు వెళ్లి, ఇంటిల్లిపాదీ ఎక్కి వందల మైళ్లు వెళ్లి రావడం ముఖ్యమైంది.

మరి 1948 దగ్గరే గీత ఎందుకు గీశారు? యుద్ధం 1945లోనే అయిపోయింది కదా?

మంచి ప్రశ్న. 1942 ఫిబ్రవరిలో అమెరికాలో మామూలు జనానికి కార్లు తయారుచేయడం ఆపేశారు, ఫ్యాక్టరీలన్నీ యుద్ధ సామగ్రికి మళ్లాయి. తిరిగి మొదలుపెట్టినప్పుడు కొత్త డిజైన్లు సిద్ధంగా లేవు. కాబట్టి 1946 నుంచి 1948 దాకా చాలా కంపెనీలు 1942 మోడల్‌నే కాస్త ముఖం మార్చి అమ్మాయి. అంటే అవి పుట్టింది యుద్ధం తర్వాత, గీసింది యుద్ధానికి ముందు. 1949 ఫోర్డు వచ్చేసరికి మడ్‌గార్డులు బాడీ పక్కగోడలో కలిసిపోయాయి, ఫుట్‌బోర్డు మాయమైంది. అక్కడితో ఒక యుగం అయిపోయింది. ఈ మధ్య నేషనల్ స్ట్రీట్ రాడ్ అసోసియేషన్ నిబంధన సడలించి 30 ఏళ్లు దాటిన బండ్లను కూడా రానిస్తోంది. నా లెక్కలో మాత్రం స్ట్రీట్ రాడ్ అంటే ఇప్పటికీ విడి మడ్‌గార్డుల కాలం నాటి రూపమే.

ఆ కాలపు డిజైన్‌లో అంత గొప్పేముంది?

ముందుగా కొలతలు. అప్పట్లో ఖరీదైన కార్లలో ఎనిమిది సిలిండర్లు ఒకే వరసలో ఉండేవి. అంత పొడవాటి ఇంజిన్‌ను ముందు ఇరుసుకి వెనక పెట్టేవాళ్లు. దాంతో ముందు చక్రం రేడియేటర్‌కి దాదాపు సూటిగా వచ్చేది, బానెట్ పొడవుగా సాగేది, మనిషి బాగా వెనక, వెనక ఇరుసుకి దగ్గరగా కూర్చునేవాడు. ఇవాళ్టి కార్లలో ముందు చక్రానికి అవతల కూడా బోలెడు ముక్కు పొడుచుకొస్తుంది. పాత కారుని పక్కనుంచి చూస్తే కనపడే ఠీవి అంతా ఆ ముక్కు లేకపోవడంలోనే ఉంది.

రెండోది, ఏ భాగానికి ఆ భాగం విడిగా కనిపించడం. రేడియేటర్ గూడు, బానెట్, మడ్‌గార్డు, ఫుట్‌బోర్డు, హెడ్‌లైటు అన్నీ వేరువేరు వస్తువులు. వాటిని ఒకదాని పక్కన ఒకటి పొందిగ్గా కూర్చడమే డిజైనర్ పని. పెద్ద కంపెనీలు ఖరీదైన మోడళ్లకు ఇంజిన్‌తో ఉన్న ఉత్త చాసీ అమ్మేవి, కొన్నవాళ్లు తమకు నచ్చిన బాడీ బిల్డర్ దగ్గరికి తీసుకెళ్లి పైభాగం కట్టించుకునేవాళ్లు. విజయవాడ ఆటోనగర్‌లో ఉత్త చాసీగా వచ్చిన లారీకి క్యాబిన్, బాడీ కట్టే పద్ధతి చూసినవాళ్లకు ఇది చటుక్కున అర్థమవుతుంది. డ్యూసెన్‌బర్గ్ మోడల్ జె, ఫ్రాన్స్‌లో డెలాహే, టాల్బో-లాగో ఇలా తయారైనవే. పారిస్ దగ్గరి ఫిగోని ఎ ఫలాస్కి అనే బాడీ బిల్డర్లు చక్రాలను పూర్తిగా కప్పేస్తూ నీటిబొట్టు ఆకారంలో తీర్చిన మడ్‌గార్డులు ఇప్పటికీ స్ట్రీట్ రాడ్ కట్టేవాళ్లకు పాఠ్యపుస్తకం.

ఆ తర్వాత గాలిని చీల్చుకుపోయే ఆకారాల మోజు వచ్చింది. 1934లో క్రైస్లర్ ఎయిర్‌ఫ్లో, 1936లో లింకన్ జెఫిర్, అదే ఏడు గోర్డన్ బ్యూరిగ్ గీసిన కార్డ్ 810. ఈ కార్డ్‌కి ఫుట్‌బోర్డు లేదు, హెడ్‌లైట్లు మడ్‌గార్డుల్లో దాక్కుంటాయి, డ్యాష్‌బోర్డులోని చిన్న పిడులను చేత్తో తిప్పితే బయటికి వస్తాయి. అంతకు ముందు ఏడు అదే బ్యూరిగ్ ఆబర్న్ 851 స్పీడ్‌స్టర్‌కి రూపమిచ్చాడు. వెనక భాగం పడవ కొసలా సన్నబడుతుంది, ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే సూపర్‌చార్జర్‌తో 150 హార్స్‌పవర్, గంటకు 100 మైళ్లు దాటిందని తెలిపే రేకు ఫలకం డ్యాష్‌బోర్డు మీద ఉండేది. ఇవాళ డెకో శైలి (1930ల నాటి అలంకార శైలి) స్ట్రీట్ రాడ్లు అంటున్నవి ఎక్కువగా ఈ కార్ల నుంచి, బుగాటి టైప్ 57 అట్లాంటిక్ నుంచి ప్రేరణ పొందినవే. అట్లాంటిక్‌లు మొత్తం తయారైనవి నాలుగే. పైకప్పు నడిమధ్య నుంచి రివెట్లు కొట్టిన వెన్నుపూస లాంటి అంచు దాని గుర్తు.

అయితే ఎక్కడ చూసినా 1932 ఫోర్డే ఎందుకు కనిపిస్తుంది?

మొదటి కారణం ఇంజిన్. 1932 మార్చి ఆఖర్న హెన్రీ ఫోర్డు మామూలు మనిషి కొనగలిగే ధరలో వి-8 ఇంజిన్ (‘వి’ ఆకారంలో రెండు వరసలుగా ఎనిమిది సిలిండర్లుండేది) ఇచ్చాడు. 221 ఘనపుటంగుళాలు, అంటే సుమారు 3.6 లీటర్లు, 65 హార్స్‌పవర్. అప్పటిదాకా వి-8 అంటే ధనవంతుల కారే. రెండు వరసల సిలిండర్లనూ ఒకే దిమ్మగా పోత పోయడం సాధించాకే ఇది ఇంత చవగ్గా వీలైంది. ఆ ఇంజిన్‌లో పొగ బయటికి పోయే దారి దిమ్మలోంచే వెళ్తుంది కాబట్టి తొందరగా వేడెక్కేది. అది పెద్ద లోపమే. అయినా కుర్రాళ్లు ఇరవై ఏళ్లపాటు దానితోనే ప్రయోగాలు చేశారు.

రెండో కారణం, నా దృష్టిలో అసలు కారణం, రూపం. అంతకు ముందు వచ్చిన ఫోర్డు ‘మోడల్ ఏ’ కారులో చాసీ పట్టీని, ఫుట్‌బోర్డుని కలుపుతూ ఒక రేకు కప్పు ఉండేది. 1932లో దాన్ని తీసేసి చాసీ పట్టీనే బయటికి చూపించారు, దాని పొడవునా బాడీ వంపుకి తగ్గట్టు ఒక సన్నని గీత నొక్కారు. అందుకే మడ్‌గార్డులు, ఫుట్‌బోర్డు అన్నీ తీసేసినా ఈ కారు అసంపూర్తిగా అనిపించదు. చాసీ పట్టీ బాడీకి అంచులా నిలబడుతుంది. ఇలా మడ్‌గార్డులు లేకుండా చాసీ మీద బాడీ ఎత్తుగా కూర్చున్న రోడ్‌స్టర్‌ను, అంటే గట్టి పైకప్పు లేని కారుని, హైబాయ్ అంటారు. వేరే ఏ కారుకి మడ్‌గార్డులు తీసినా కింద కప్పిపుచ్చుకోవాల్సినవి బయటపడతాయి, 1932 ఫోర్డుకి ఒక్కదానికే ఆ ఇబ్బంది లేదు.

మూడోది, బాడీలో రేకు ఎక్కువ, చెక్క తక్కువ. జనరల్ మోటార్స్ కార్ల బాడీల లోపల 1930ల మధ్య దాకా చెక్క చట్రం ఉండేది. ఎనభై ఏళ్ల తర్వాత ఆ చెక్క పుచ్చిపోయి తలుపులు జారిపోతాయి. ఆ కాలపు షెవ్రోలే తీసుకుంటే ముందు వడ్రంగి పని చేయాలి, ఆ తర్వాతే మిగతాది.

పాత బాడీ కొనాలా, కొత్త బాడీ తెచ్చుకోవాలా?

నిండుగా ఉన్న, ఎవరూ కోయని పాత కారు దొరికితే దాన్ని కోయకండి. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు. అలాంటివి ఏటికేడు తగ్గిపోతున్నాయి, ఒకసారి కోస్తే తిరిగి రావు. ఒహైయోలోని బ్రూక్‌విల్ రోడ్‌స్టర్ లాంటి సంస్థలు మోడల్ ఏ, 1932 ఫోర్డు బాడీలను కొత్త స్టీలు రేకుతో తయారుచేసి అమ్ముతున్నాయి. తలుపు కీలు దగ్గర్నుంచి అన్నీ కొత్తవే దొరుకుతున్నప్పుడు మ్యూజియంలో ఉండాల్సిన దాన్ని ముక్కలు చేయడం అన్యాయం. సగం తుప్పుపట్టి పొలంలో పడున్న బాడీ అయితే వేరే మాట. దానికి స్ట్రీట్ రాడ్ రూపంలో ప్రాణం పోయడం పుణ్యమే.

ఫైబర్‌గ్లాస్ బాడీ చవక, తేలిక, తుప్పు పట్టదు. కానీ లోపల స్టీలు చట్రం సరిగ్గా లేకపోతే తలుపు వేసినప్పుడు డొల్ల చప్పుడు వస్తుంది, కొన్నాళ్లకు అతుకుల దగ్గర పెయింటు మీద గీతలు తేలతాయి. కొనేముందు తలుపు పదిసార్లు తీసి వేసి చూడండి. ఫ్యాక్టరీ ఎన్నడూ తయారుచేయని ఆకారాన్ని, ఆ కాలంలోనే చేశారేమో అనిపించేలా కడితే దాన్ని ఫాంటమ్ అంటారు. వీటికి ఫైబర్‌గ్లాస్ బాగా పనికొచ్చింది.

పైకప్పు తగ్గించడం అంటే ఏమిటి? కోసి అతికించడమేనా?

మాటల్లో అంతే, చేతల్లో అది చాలా పెద్ద పని. దీన్ని చాప్ అంటారు. కిటికీల స్తంభాలను అడ్డంగా రెండు చోట్ల కోసి, ఒక మూడు అంగుళాల ముక్క తీసేసి, కప్పుని కిందికి దించుతారు. చిక్కంతా స్తంభాలు నిటారుగా ఉండకపోవడం వల్ల వస్తుంది. ముందు స్తంభం వెనక్కి వాలుతుంది, వెనక స్తంభం ముందుకి వాలుతుంది. కాబట్టి కప్పుని దించినప్పుడు అది కింది మొదళ్ల మీద కూర్చోదు, పొడవు చాలదు. అప్పుడు కప్పుని అడ్డంగా కోసి మధ్యలో రేకు పట్టీ వేసి పొడవు పెంచాలి, లేదా స్తంభాలను ఇంకా వాల్చాలి. మోడల్ ఏ లాంటి నిటారు కార్లకు ఇది కాస్త సులువు. 1936 ఫోర్డులా గుండ్రంగా ఉన్నవాటికి రెండు వైపులా వంపు కలవాలి కాబట్టి అనుభవం ఉన్న చేతులే కావాలి. ముందు అద్దం చదునుగా ఉండటం ఒక్కటే అదృష్టం, మామూలు గ్లాసు షాపులో కోయించుకోవచ్చు.

వెల్డింగ్ కూడా ఏకబిగిన చేయరు. ఇక్కడో చుక్క, అక్కడో చుక్క పెట్టి రేకు చల్లారాక మళ్లీ మొదలెడతారు. లేకపోతే వేడికి రేకు వంకర తిరిగి అలలు లేస్తుంది. వెనకాల ఇనుప దిమ్మ పట్టుకుని ముందునుంచి సుత్తితో మెల్లగా తట్టి సమం చేస్తారు. పాతకాలంలో అతుకు మీద సీసం కరిగించి చెక్క గరిటెతో పూసి, ఆకురాయితో రాచేవాళ్లు. ఇప్పుడు పుట్టీ వాడతారు, మంచి పనివాడు వాడేది పలచటి పొర మాత్రమే. అయస్కాంతం పెట్టి చూస్తే ఎక్కడ పుట్టీ దట్టించారో వెంటనే తెలిసిపోతుంది.

బాడీ కింద ఏం పెడతారు?

ఎక్కువమంది షెవ్రోలే వి-8 ఇంజినే పెడతారు, అది ఫోర్డు కారైనా సరే. 1955లో వచ్చిన, స్మాల్ బ్లాక్ అని పిలిచే ఆ ఇంజిన్ చిన్నది, తేలిక, విడిభాగాలు ప్రతి ఊళ్లో దొరుకుతాయి. దాని తర్వాతి తరం ఎల్ఎస్ ఇంజిన్ 1997 కార్వెట్‌లో వచ్చింది, 5.7 లీటర్లకు 345 హార్స్‌పవర్. పాత ఫోర్డు వి-8 ఇచ్చిన 65తో పోల్చి చూడండి, బ్రేకులు, సస్పెన్షన్ ఎందుకు మార్చి తీరాలో అర్థమవుతుంది. ఫోర్డు కార్లకు 1938 దాకా బ్రేకులు ఇనుప కడ్డీలతో పనిచేసేవి. హైడ్రాలిక్ బ్రేకులు 1939లో గానీ రాలేదు. ఇంజిన్ మార్చి బ్రేకులు వదిలేసిన బండి ఎంత అందంగా ఉన్నా ఎక్కవద్దు.

ముందు సస్పెన్షన్‌కి 1974–78 మస్టాంగ్ టూ డిజైన్ ప్రమాణమైపోయింది. ఇరుకు చోటులో ఇమిడిపోతుంది, ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగు దానితోనే వస్తుంది. ఆ కారు రోడ్ల మీద కనపడకుండా పోయినా దాని సస్పెన్షన్ భాగాలు ఇప్పటికీ కొత్తగా తయారవుతున్నాయి. మడ్‌గార్డులు లేని హైబాయ్‌కి మాత్రం అడ్డంగా కమాను పట్టీ ఉన్న పాత ఇరుసే అందం. అన్నీ బయటికి కనపడతాయి కదా, అక్కడ మస్టాంగ్ సస్పెన్షన్ పెడితే కంటికి గుచ్చుకుంటుంది. వెనక వైపు ఫోర్డు తొమ్మిదంగుళాల ఇరుసుని మించిన నమ్మకమైనది లేదు.

రోజూ నడపొచ్చా?

సరిగ్గా కడితే నడపొచ్చు. ఏసీ, పవర్ స్టీరింగు అన్నీ పెడుతున్నారు. టెన్షన్ పెట్టేది వేడి ఒక్కటే. సన్నటి బానెట్ కింద పెద్ద ఇంజిన్, దాని ముందు ఇరుకు రేడియేటర్. ట్రాఫిక్‌లో ఆగితే గాలి ఆడదు. మంచి అల్యూమినియం రేడియేటర్, దానికి గూడు కట్టిన ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టుకోవాలి, ఇక్కడ పొదుపు పనికిరాదు.

ఏ కార్ల కంపెనీ అయినా ఇలాంటిది తయారుచేసిందా?

చేసింది. ప్లిమత్ ప్రౌలర్. 1993లో డిట్రాయిట్ షోలో నమూనా చూపించి, 1997లో అమ్మకానికి తెచ్చారు, 2002 దాకా 11,702 కార్లు తయారయ్యాయి. ముందు 17 అంగుళాలు, వెనక 20 అంగుళాల చక్రాలు, ముందు చక్రాలకు విడి మడ్‌గార్డులు, చాసీలో, బాడీలో విరివిగా అల్యూమినియం, బరువు సమానంగా పడేలా వెనక పెట్టిన గేర్‌బాక్స్. ఒక పెద్ద కంపెనీ ఇంత ధైర్యం చేయడం ఆషామాషీ కాదు. దానికి వి-8 ఇవ్వకుండా 3.5 లీటర్ల వి-6 పెట్టారని, ఆటోమేటిక్ గేర్లు తప్ప మరోటి లేదని చాలామంది పెదవి విరిచారు. 1999 నుంచి పవర్ 253 హార్స్‌పవర్‌కి పెంచినా ఆ అసంతృప్తి పోలేదు. నాకైతే ఆ ముందు భాగపు రూపం చాలు, మిగతావి క్షమించేస్తాను.

ఖర్చెంత?

బాడీ ధర, ఇంజిన్ ధర క్యాటలాగులో దొరుకుతాయి. వాటిని మింగేసేది కూలి. రేకు సరిచేయడం, తలుపు సందులు సమంగా తేవడం, పెయింటుకి ముందు పదేపదే రుద్దడం, ఇవన్నీ గంటల లెక్కన పడతాయి. సొంతంగా చేయగలిగినవాళ్లకే ఇది అందుబాటులో ఉంటుంది. ఒకరు కట్టి వదిలేసిన బండి కొనడం చాలాసార్లు చవక.

అమెరికాలో రిజిస్ట్రేషన్ ఎలా?

రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. చాలా రాష్ట్రాల్లో 1948 లేదా అంతకు ముందటి కార్లకు, వాటి రూపంలో ఉన్న కొత్త కార్లకు స్ట్రీట్ రాడ్ కింద విడి నంబర్ ప్లేటు ఇస్తారు. కాలిఫోర్నియాలో ఇంట్లో కట్టిన ఇలాంటి బండ్లకు ఏటా 500 సర్టిఫికెట్లు ఇస్తారు. వాటితో పొగ పరీక్షను కారు రూపం ఏ సంవత్సరానిదో దాన్ని బట్టి చూస్తారు. బాడీ కొనకముందే మీ రాష్ట్రంలో కాగితాల సంగతి తెలుసుకోండి. టైటిల్ (యాజమాన్య పత్రం) లేని బాడీ కొని ఇరుక్కుపోయినవాళ్లు చాలామంది.

మన దేశంలో ఒకటి కట్టుకోవచ్చా?

రోడ్డు మీద నడపడానికైతే కుదరదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడే వీలుంది. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు ఇక్కడ ఆదుకోవు. 50 ఏళ్లు దాటిన బండి చాసీ, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉంటేనే ఆ ‘విఎ’ సిరీస్ నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు. అలా నమోదైన బండిని కూడా ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు కోసం, మరమ్మతుల కోసం తప్ప మామూలుగా తిప్పకూడదు. స్ట్రీట్ రాడ్‌కి ప్రత్యేక విభాగం అంటూ మన దగ్గర లేదు. రేకు పనిలో మనవాళ్ల చేతులకున్న నైపుణ్యం చూస్తే, ఏడాదికి కొన్ని బండ్లకైనా పరీక్షలు పెట్టి అనుమతిస్తే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

దగ్గర్నుంచి చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?

అమెరికాలో ఉంటే ఆగస్టులో కెంటకీలోని లూయీవిల్‌లో జరిగే స్ట్రీట్ రాడ్ నేషనల్స్‌కి వెళ్లండి. డాలస్ వైపు ఉన్నవాళ్లకు ఫోర్ట్ వర్త్‌లో గుడ్‌గైస్ షో దగ్గర. అత్యున్నత స్థాయి పనితనం కావాలంటే కాలిఫోర్నియాలోని పొమోనాలో గ్రాండ్ నేషనల్ రోడ్‌స్టర్ షో ఉంది. 1950లో ఓక్లండ్‌లో మొదలైన ఈ షోలో ‘అమెరికాస్ మోస్ట్ బ్యూటిఫుల్ రోడ్‌స్టర్’ బహుమతి ఇస్తారు. డిట్రాయిట్ ఆటోరామాలో ఇచ్చే రిడ్లర్ అవార్డు కూడా అంతటిదే. కార్ డిజైనర్ చిప్ ఫూస్ రూపొందించిన ‘ఇంప్రెషన్’ అనే 1936 ఫోర్డు రోడ్‌స్టర్ 2005లో రిడ్లర్, 2006లో ఆ రోడ్‌స్టర్ బహుమతి రెండూ గెలుచుకుంది. మూల రూపాలు చూడాలంటే ఇండియానాలోని ఆబర్న్ కార్డ్ డ్యూసెన్‌బర్గ్ మ్యూజియం. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం కోసం కట్టిన 1912 నాటి పసుపు రోల్స్ రాయిస్ చూడవచ్చు. విడి చాసీ మీద బాడీ కట్టే పద్ధతి ఎంత ఘనంగా ఉండేదో దాని చుట్టూ ఒకసారి తిరిగితే తెలుస్తుంది.

షోలో మంచి రాడ్‌ను ఎలా గుర్తుపట్టాలి?

రంగు చూడకండి. రంగు అందరిదీ బాగుంటుంది. ముందు పది అడుగులు వెనక్కి వెళ్లి పక్కనుంచి చూడండి. ముందు చక్రం మడ్‌గార్డు వంపుకి సరిగ్గా మధ్యలో ఉందా? కొత్త సస్పెన్షన్ పెట్టినప్పుడు చక్రం ఒక అంగుళం వెనక్కి జరిగినా మొత్తం కారు కుంటినట్టు కనిపిస్తుంది. కప్పు ఎత్తుకి, తలుపు ఎత్తుకి పొత్తు కుదిరిందా? మరీ తగ్గించేస్తే టోపీ కళ్ల మీదికి జారిన మొహంలా ఉంటుంది. తర్వాత దగ్గరికి రండి. బానెట్ అంచుకి, రేడియేటర్ గూడుకి మధ్య సందు పైనుంచి కింది దాకా ఒకే వెడల్పులో ఉండాలి. హెడ్‌లైట్లు గ్రిల్‌కి ఎంత దగ్గరగా, ఎంత కింద ఉన్నాయో చూడండి. పాత ఫోర్డు ముఖంలో కళ వచ్చేదీ పోయేదీ అక్కడే. చివరగా యజమానిని అడిగి కిందికి వంగి చూడండి. వైర్లు, బ్రేకు పైపులు ఒద్దికగా క్లిప్పులు పెట్టి ఉంటే కట్టినవాడి మీద నమ్మకం పెట్టుకోవచ్చు.

ఎలక్ట్రిక్ మోటార్ పెడితే స్ట్రీట్ రాడ్ అవుతుందా?

అవుతుందనే నా అభిప్రాయం. 2021లో ఫోర్డు కంపెనీయే ఎల్యూమినేటర్ పేరుతో 281 హార్స్‌పవర్ మోటార్‌ను విడిగా అమ్మకానికి పెట్టింది. ఈ సరదా మొదటి నుంచీ ఆ కాలంలో దొరికే మెరుగైన యంత్రాన్ని పాత రూపం కింద పెట్టడమే కదా. మోటార్ చిన్నది కాబట్టి బానెట్‌ను కుదించాలన్న ఆశ పుడుతుంది, దానికి మాత్రం లొంగకూడదు. ఖాళీ అయిన బానెట్ కింద బ్యాటరీలు సర్దుకుంటే పొడవు నిలబడుతుంది, ముందు ఇరుసు మీద బరువూ పడుతుంది. వి-8 చప్పుడు లేకపోవడం లోటే, కానీ 1932 గ్రిల్ వెనక ఏముందో బయట నిలబడి చూసేవాళ్లకు తెలియకపోతే ఆ పని బాగా చేసినట్టే.